ఐపీస్ దగ్గర ఇరవై ఐదు సెకన్లు

రెండు గంటలంటే 7,200 సెకన్లు. విశ్వవిద్యాలయ వేధశాల జనం కోసం తలుపులు తెరిచిన రాత్రి 150 మంది వచ్చారనుకుందాం. డోమ్ కింద ఉన్నది ఒకే ఒక పెద్ద టెలిస్కోప్. మనిషికి 48 సెకన్లు వస్తాయి. మెట్లెక్కి, ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న కటకం) ఎక్కడుందో చీకట్లో వెతుక్కుని, కన్ను సరిగ్గా ఆనించి, చూశాక దిగి పక్కకు తప్పుకునేసరికి అందులో ఇరవై సెకన్లకు పైగా పోతాయి. నికరంగా చూడ్డానికి మిగిలేది ఇరవై ఐదు సెకన్లు. దాని కోసం లైన్లో గంటా గంటన్నర నిలబడాలి.

నక్షత్ర వీక్షణ రాత్రుల గురించి మాట్లాడేటప్పుడు టెలిస్కోప్ ఎంత పెద్దది, ఆకాశం ఎంత తేటగా ఉంది, ఏ గ్రహం కనిపిస్తుంది అన్నవే ముందుకొస్తాయి. అవి ముఖ్యం కావని కాదు. కానీ అక్కడ అన్నిటికన్నా కరువైనది ఐపీస్ దగ్గరి సమయం. ఏ రోజు పెట్టాలి, దేన్ని చూపించాలి, ఆవరణలో ఇంకెన్ని టెలిస్కోపులు నిలబెట్టాలి, ఫోన్లతో ఫొటోలు తీయనివ్వాలా వద్దా అనే నిర్ణయాలన్నీ చివరికి ఈ పాతిక సెకన్ల దగ్గరికే వచ్చి ఆగుతాయి. వచ్చినవాళ్లు మురిసిపోతూ వెళ్లారా, "ఇంతేనా" అనుకుంటూ వెళ్లారా అన్నది కూడా చాలావరకు దాన్నిబట్టే తేలుతుంది.

"ఇంతేనా" అనుకోవడం కొత్తేమీ కాదు. టెలిస్కోప్ పుట్టిన రెండేళ్లకే అది మొదలైంది. గురుగ్రహం చుట్టూ నాలుగు ఉపగ్రహాలు తిరుగుతున్నాయని గెలీలియో 1610 మార్చిలో పుస్తకం వేశాడు. ఏప్రిల్ 24, 25 రాత్రుల్లో వాటిని పండితులకు చూపించడానికి ఇటలీలోని బొలోన్యా వచ్చాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైన మాజిని ఇంట్లో ఇరవై మందికి పైగా చేరారు. అందరూ వంతులవారీగా గొట్టంలోంచి చూశారు. ఉపగ్రహాలు ఉన్నాయని ఒప్పుకునేంత తేటగా ఎవరికీ కనిపించలేదు. మాజిని దగ్గరుండే మార్టిన్ హోర్కీ అనే యువకుడు, ఈ పరికరం నేల మీది వస్తువుల విషయంలో అద్భుతంగా పనిచేస్తుంది గానీ ఆకాశం వైపు తిప్పితే మోసం చేస్తుందని కెప్లర్‌కు ఉత్తరం రాశాడు. గెలీలియో మాత్రం అవే రాత్రుల్లో, మొదటి రోజు రెండు, రెండో రోజు నాలుగు ఉపగ్రహాలు చూసినట్టు తన పరిశీలనల నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

అదే గొట్టం, అదే ఆకాశం. గెలీలియో అప్పటికి మూడు నెలలకు పైగా ఆ గొట్టానికి కన్ను అలవాటు చేసుకున్నాడు. ఆ తరహా టెలిస్కోపులో కనిపించే వృత్తం చాలా చిన్నది, చంద్రబింబం కూడా ఒకేసారి పూర్తిగా పట్టదు. కన్ను వెంట్రుకవాసి జరిగితే గ్రహం మాయమైపోతుంది. అక్కడ చేరిన పెద్దలకు అనుభవం లేదు, వంతు వచ్చినప్పుడు దొరికింది కొద్దిపాటి సమయం. హోర్కీకి అసూయ ఉందనీ, దురుద్దేశం ఉందనీ చరిత్ర రాసేవాళ్లు అంటారు. అది నిజమే కావచ్చు. కానీ మొదటిసారి ఐపీస్‌లోకి తొంగిచూసిన ఎవరినైనా అడిగితే, అతని మీద కాస్త జాలిపడతారు.

టెలిస్కోప్‌లోంచి చూడడం కళ్లున్న ప్రతివాళ్లకీ వచ్చేసే పని కాదు. ఐపీస్ నుంచి బయటికొచ్చే కాంతి ఒక సన్నటి పుంజం, చాలాసార్లు రెండు మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. కంటిపాప సరిగ్గా దాని దారిలో, సరైన దూరంలో ఉండాలి. కొత్తవాళ్లు మరీ దగ్గరికి వెళ్లి కనురెప్పలతో గాజును తుడుస్తారు, లేదా మరీ దూరంగా ఉండి నల్లటి వృత్తం తప్ప ఏమీ లేదంటారు. ఆసరా కోసం గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే బొమ్మ ఊగిపోతుంది. పిల్లలకైతే ఒక కన్ను మాత్రమే మూయడం పెద్ద పరీక్ష, మూసిన కన్నుతోనే చూడాలని ప్రయత్నించేవాళ్లూ ఉంటారు. కళ్లజోడు ఉన్నవాళ్లకు ఇంకో సందేహం: తియ్యాలా, ఉంచాలా? దగ్గరి చూపు, దూరపు చూపు లోపాలను ఫోకస్ తిప్పి సరిచేసుకోవచ్చు, కాబట్టి జోడు తీసేయొచ్చు. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా సమంగా లేకపోవడం) ఎక్కువగా ఉంటే ఫోకస్ ఏమీ చేయలేదు, జోడు ఉంచుకోవడమే మంచిది. ఈ ఒక్క మాట లైన్లో ఉన్నప్పుడే చెబితే ఐపీస్ దగ్గర పది సెకన్లు మిగులుతాయి.

కళ్లు చీకటికి అలవాటు పడే సంగతి ఇంకా మొండిది. వెలుగులోంచి చీకట్లోకి వచ్చాక రంగుల్ని చూసే శంకు కణాలు పది నిమిషాల్లోపే తమకు చేతనైనంత సర్దుకుంటాయి. మసక వెలుతురులో పనికొచ్చే దండ కణాలకు అరగంట దాకా పడుతుంది, ఎందుకంటే వాటిలో ఉండే రొడాప్సిన్ అనే వర్ణకం వెలుగు తగిలినప్పుడు చెదిరిపోయి, మళ్లీ నెమ్మదిగా తయారవుతుంది. అరగంట ఓపిక పట్టి సంపాదించుకున్న ఈ చూపును పక్కనున్నవారి ఫోన్ తెర ఒక్క క్షణంలో కాజేస్తుంది. వేధశాలల్లో ఎర్ర దీపాలు వాడేది అందుకే, దండ కణాలు ఎరుపును దాదాపు పట్టించుకోవు. కొందరికి అదేదో వాతావరణం కోసం పెట్టిన అలంకారంలా కనిపిస్తుంది!

ఇంకో తమాషా ఏమిటంటే, మసకగా ఉన్నదాన్ని సూటిగా చూస్తే కనిపించదు. కంటి వెనకపొర మధ్యలో, మనం దేన్నైనా తేరిపార చూసేటప్పుడు వాడే చోట, దండ కణాలే లేవు. అవి దట్టంగా ఉండేది ఆ మధ్య బిందువుకు పదిహేను ఇరవై డిగ్రీల పక్కన. అందుకే అలవాటున్నవాళ్లు నీహారికను (నక్షత్రాల మధ్య పరుచుకున్న వాయువు, ధూళి మేఘాన్ని) చూడాలంటే దాని పక్కకు చూస్తారు. లేదనుకున్న మసక ఓరకంటికి దొరుకుతుంది. ఇదంతా మనిషికి చెప్పి, చేయించి, పట్టుబడేదాకా ఆగడానికి పాతిక సెకన్లు ఏ మూలకు?

చూపించేది ఏది?

ఈ పరిమితిని ఒప్పుకున్న వేధశాల, చీకటికి అలవాటు పడకపోయినా, శిక్షణ లేకపోయినా, కన్ను ఆనించగానే కనిపించే వాటినే ఎంచుకుంటుంది. అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. మొదటిది చంద్రుడు. అది కూడా పౌర్ణమి నాటి చంద్రుడు కాదు. జనం పౌర్ణమి రోజే ఎగబడి అడుగుతారు గానీ, ఆ రాత్రి సూర్యకాంతి మన వెనక నుంచి వచ్చి చంద్రుడి మీద తిన్నగా పడుతుంది. నీడలుండవు. నీడలు లేకపోతే గుంటలూ కొండలూ కూడా కనిపించవు, తెల్లటి పళ్లెంలో బూడిద మరకలు మాత్రం ఉంటాయి. శుద్ధ సప్తమి, అష్టమి నాటికి వెలుగుకూ చీకటికీ మధ్య గీత చంద్రబింబం నడిమధ్యన నిలబడుతుంది. ఆ గీత దగ్గర సూర్యుడు అప్పుడే ఉదయిస్తుంటాడు కాబట్టి ప్రతి గుంట అంచూ పొడుగాటి నీడ వేస్తుంది. పైగా అష్టమి చంద్రుడు సాయంత్రానికే ఆకాశంలో పైకెక్కి ఉంటాడు, అర్ధరాత్రి దాటేదాకా నిలుస్తాడు. కార్యక్రమాలకు ఆ వారాన్ని ఎంచుకోవడం వెనక ఉన్నది ఈ లెక్కే.

తర్వాత శని, గురుడు. శని వలయం చూసి అరవని మనిషి అరుదు. గాజు ముందు స్టిక్కర్ అంటించారేమోనని గొట్టం చివరకు వెళ్లి తొంగిచూసేవాళ్లు నిజంగానే ఉంటారు. అయితే వలయాలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. సుమారు పదిహేనేళ్లకోసారి అవి మనవైపు అంచుతో తిరుగుతాయి, అప్పుడు సన్నటి గీత తప్ప మరేం కనిపించదు. 2025 మార్చిలో అదే జరిగింది. అక్కడి నుంచి మెల్లగా విచ్చుకుంటూ 2032 నాటికి సుమారు 27 డిగ్రీల పూర్తి వాలుకు చేరతాయి. ఒకే వేధశాలకు ఏడేళ్ల తేడాతో వెళ్లిన ఇద్దరు ఒకే శనిని చూసినట్టు కాదు.

గ్రహాలు ఏవీ పైన లేని కాలంలో జంట నక్షత్రాలే దిక్కు. వీటికి రావలసినంత పేరు రాలేదు. హంస మండలంలోని ఆల్బిరియో మామూలు కంటికి ఒకే చుక్క, చిన్న టెలిస్కోప్‌లో ఒకటి బంగారు రంగు, ఒకటి నీలం. సప్తర్షి మండలం తోక మధ్యలో ఉన్న వసిష్ఠ నక్షత్రం ఇంకా మంచి కథ. చూపు బాగున్నవాళ్లకు పక్కనే అరుంధతి విడిగా కనిపిస్తుంది. టెలిస్కోప్ పెడితే వసిష్ఠుడే రెండుగా విడిపోతాడు. వాటిలో ప్రకాశవంతమైనది కూడా జంటేనని 1889లో హార్వర్డ్ వేధశాలకు చెందిన పికరింగ్ వర్ణపటం ద్వారా తేల్చాడు. అలా కనుగొన్న మొట్టమొదటి జంట నక్షత్రం అదే. రెండో దానికీ ఒక తోడుంది, అరుంధతికీ ఉంది. మామూలు కంటికి రెండు, ఐపీస్‌లో మూడు, లెక్కకు ఆరు. నగరం నడిబొడ్డునైనా, వెన్నెల రాత్రయినా పనిచేసే దృశ్యం ఇది.

ఇక జనం ఎక్కువ ఆశతో వచ్చేది దేనికోసమో, అదే ఎక్కువ నిరాశపరుస్తుంది. గెలాక్సీలు, నీహారికలు. ఫొటోల్లో గులాబీ, ఊదా రంగుల్లో మెరిసే ఓరియన్ నీహారిక ఐపీస్‌లో బూడిద రంగు పొగలా, మహా అయితే లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. కారణం టెలిస్కోప్ చిన్నదవడం కాదు. కన్ను పదో వంతు సెకనుకు అటూ ఇటుగా కాంతిని పోగుచేసి వదిలేస్తుంది, కెమెరా నిమిషాలు, గంటల తరబడి పోగుచేస్తూనే ఉంటుంది. రంగులు చూసే శంకు కణాలు అంత తక్కువ వెలుగులో పనిచేయవు కూడా.

దీనికి తోడు ఇంకో విషయం ఉంది, మొదటిసారి వింటే నమ్మబుద్ధి కాదు. 30 సెంటీమీటర్ల టెలిస్కోప్, చీకట్లో ఏడు మిల్లీమీటర్లు తెరుచుకున్న కంటిపాపకన్నా సుమారు 1,800 రెట్లు ఎక్కువ కాంతిని పడుతుంది. అయినా మసకగా పరుచుకున్న నీహారికను అది మామూలు కంటికన్నా కాంతివంతంగా చూపించలేదు. పెద్దదిగా మాత్రమే చూపిస్తుంది. పట్టిన కాంతినంతా అదే నిష్పత్తిలో ఎక్కువ మేర పరిచేస్తుంది కాబట్టి, ఒక్కో చిన్న ముక్క వెలుగు మాత్రం పెరగదు. నక్షత్రాల సంగతి వేరు, ఎంత పెద్దవి చేసినా అవి చుక్కలే, కాబట్టి పట్టిన కాంతి మొత్తం ఆ చుక్కలోనే పడుతుంది. నగరం పైన ఆకాశమే మసక వెలుగుతో నిండి ఉంటే, ఆ వెలుగు మీద నీహారిక వెలుగు తేలాలి. ఎంత పెద్ద అద్దం పెట్టినా రెండూ కలిసే వస్తాయి. ఆండ్రోమెడా గెలాక్సీ విషయంలో పెద్ద టెలిస్కోప్ అసలు తప్పు పరికరం. ఆ గెలాక్సీ ఆకాశంలో ఆరు నిండు చంద్రులను పక్కపక్కన పెట్టినంత పొడుగు. పెద్ద టెలిస్కోప్‌లో కనిపించేది దాని నడుమనున్న మసక ముద్ద మాత్రమే. చీకటి ఆకాశం కింద మంచి బైనాక్యులర్ దానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

అలాంటప్పుడు జనానికి గెలాక్సీ చూపించకూడదా? చూపించవచ్చు, ఏం చూడబోతున్నారో ముందే చెబితే. ఆ మసక ముద్ద నుంచి వచ్చిన కాంతి బయల్దేరి సుమారు 25 లక్షల ఏళ్లయిందని లైన్లోనే విన్న మనిషి, ఆ మసకను వేరేగా చూస్తాడు. ముందు చెబితే అది చూపులో భాగమవుతుంది, దిగిపోయాక చెబితే ఊరడింపు మాటలా ఉంటుంది.

గాలి ఒప్పుకోవాలి

శని వలయాల్లో కాసిని అని పిలిచే నల్లటి సందు ఉంది, 4,800 కిలోమీటర్ల వెడల్పు. భూమి నుంచి చూస్తే అది ఒక ఆర్క్ సెకనుకన్నా తక్కువ, అంటే డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా కాదు. మామూలు చోట గాలి కదలికల వల్ల బొమ్మ ఒకటి రెండు ఆర్క్ సెకన్ల మేర అల్లాడుతుంటుంది. దీన్నే పరిశీలకులు సీయింగ్ అంటారు. నీటి అడుగున ఉన్న గులకరాయిలా గ్రహం కదులుతూ ఉంటుంది, మధ్యమధ్యలో అర సెకనో, సెకనో గాలి నిలకడగా ఉంటే వలయం ఒక్కసారి చెక్కినట్టు తేలుతుంది, మళ్లీ కరిగిపోతుంది. ఐపీస్ దగ్గర రెండు నిమిషాలు కూర్చున్నవాళ్లకు ఆ క్షణాలు నాలుగైదు దొరుకుతాయి. పాతిక సెకన్లలో ఒకటి దొరికితే అదృష్టం. ముందు నిలబడ్డ మనిషికి కాసిని సందు కనిపించి, వెనక మనిషికి కనిపించకపోవడంలో కంటి దోషం ఉండకపోవచ్చు.

గాలిని మనుషులు మార్చలేరు గానీ పాడుచేయగలరు. డోమ్ లోపల గాలి బయటి గాలికన్నా వెచ్చగా ఉంటే ఆ వేడి చీలికలోంచి పైకి లేచి బొమ్మను వణికిస్తుంది. అందుకే కార్యక్రమానికి గంటా రెండు గంటల ముందే డోమ్ తెరిచి పెడతారు, లోపల హీటర్లు పెట్టరు. చలికాలంలో వచ్చి లోపల వెచ్చగా ఉంటుందనుకున్నవాళ్లు అక్కడే వణుకుతారు. ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక లోపలికి నలభై మంది మనుషులు వస్తారు, ఒక్కొక్కరూ ఒక చిన్న పొయ్యి లాంటివారు. దీనికి మాత్రం మందు లేదు.

ఆకాశం మంచిగా ఉందా లేదా అన్న ప్రశ్నకు కూడా ఒకే జవాబు ఉండదు. వాన వెలిసి ఆకాశం కడిగినట్టు ఉన్న రాత్రి నక్షత్రాలు తళతళలాడతాయి, జనం ఎంతో మెచ్చుకుంటారు. ఆ తళతళే గాలి అల్లకల్లోలానికి గుర్తు, శని ఆ రాత్రి ఉడుకుతున్న నీళ్లలో ఉన్నట్టుంటుంది. పల్చటి మంచు పట్టి, గాలి స్తంభించిన రాత్రి మామూలు కంటికి చుక్కలు సరిగా కనిపించవు గానీ గ్రహాలు రాయిలా నిలబడతాయి. ఇది తెలియక "ఈరోజు ఆకాశం బాగోలేదు" అని వెనక్కి వెళ్లిపోయేవాళ్లు పోగొట్టుకునేది తక్కువ కాదు.

పాత టెలిస్కోప్ జనం చేతికి ఎలా వచ్చింది

పరిశోధన చేసే ఖగోళ శాస్త్రవేత్త ఇప్పుడు టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూడడు. పెద్ద పరిశోధన టెలిస్కోపుల్లో కెమెరాలు, వర్ణపట పరికరాలు ఉంటాయి, మనిషి తెర ముందు కూర్చుంటాడు. అవి ఊళ్లకు దూరంగా, ఎత్తయిన పర్వతాల మీద ఉంటాయి. విశ్వవిద్యాలయాల ఆవరణల్లోని పాత టెలిస్కోపుల చుట్టూ మాత్రం నగరాలు పెరిగాయి, దీపాలు వెలిగాయి. పరిశోధనకు పనికిరాని ఆ పరికరాలే జనానికి మిగిలాయి. ఏ నగర కాంతి వాటిని పరిశోధన నుంచి తప్పించిందో, ఆ నగరమే సాయంత్రం నడిచొచ్చి లైన్లో నిలబడుతుంది.

అయితే జనానికి హక్కు ఇలా మిగులుబాటుగానే వచ్చిందనుకోవడం సరికాదు. అమెరికాలోని సిన్సినాటి వేధశాల పుట్టిందే వాళ్ల డబ్బుతో. ఆర్మ్స్‌బీ మిచెల్ అనే ఆచార్యుడు 1842లో ఉపన్యాసాలిచ్చి, 25 డాలర్ల వాటాలు అమ్మి నిధి పోగుచేశాడు. కొన్నవాళ్లలో మామూలు పనివాళ్లూ, దుకాణదారులూ ఉన్నారు. వాటా ఉన్నవాళ్లకు టెలిస్కోప్‌లోంచి చూసే హక్కు ఉంది. మిచెల్ ఆ డబ్బుతో మ్యూనిక్‌లో 28 సెంటీమీటర్ల కటకం కొన్నాడు. 1843లో శంకుస్థాపన చేసింది మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్. ముప్పై ఏళ్లు తిరిగేసరికి కింద నగరం పొగతో అక్కడ చూపు సాగక, 1873లో వేధశాలను ఇంకో కొండ మీదికి మార్చుకోవాల్సి వచ్చింది. కాంతి కాలుష్యానికి ముందే పొగ కాలుష్యం ఆ పని చేసిందన్నమాట.

ఈ పాత కటక టెలిస్కోపులకు ఒక సుగుణం ఉంది. గొట్టం పొడుగు. 30 సెంటీమీటర్ల కటకానికి నాలుగున్నర మీటర్ల నాభ్యంతరం (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) ఉంటే, 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టగానే బొమ్మ 180 రెట్లు పెద్దదవుతుంది. చంద్రుడికి, గ్రహాలకు, జంట నక్షత్రాలకు అది చక్కగా సరిపోతుంది. దాని తలనొప్పి కూడా ఆ పొడుగే. టెలిస్కోప్ నడినెత్తికి చూస్తే ఐపీస్ నేల దగ్గరికి దిగుతుంది, దిగంతం వైపు చూస్తే మనిషి తలకన్నా చాలా ఎత్తుకు వెళుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లిక్ వేధశాలలో 91 సెంటీమీటర్ల టెలిస్కోప్ (1888), షికాగో విశ్వవిద్యాలయం కట్టిన యెర్కీస్‌లో 102 సెంటీమీటర్ల టెలిస్కోప్ (1897) కోసం ఏకంగా నేలనే లిఫ్ట్‌లా లేపే ఏర్పాటు చేశారు. యెర్కీస్ నేల ఏడు మీటర్లు లేస్తుంది. చిన్న వేధశాలల్లో ఆ పని నిచ్చెన చేస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి, చక్రాల కుర్చీలో వచ్చినవారికి ఆ నిచ్చెన దగ్గరే రాత్రి ముగిసిపోతుంది. ఐపీస్‌ను కుర్చీ ఎత్తుకు తెచ్చే అదనపు కటకాల అమరికలు ఉన్నాయి, అవి లేని చోట కనీసం ఆవరణలో ఒక టెలిస్కోప్‌నైనా కూర్చున్న మనిషి కంటి ఎత్తులో పెట్టడం సాధ్యమే. ఇంత చిన్న పని చాలాచోట్ల ఎందుకు జరగదో అర్థం కాదు.

లైను లెక్క

మొదటి లెక్కకు తిరిగి వద్దాం. 150 మంది, ఒక టెలిస్కోప్, మనిషికి 48 సెకన్లు. డోమ్ బయట ఇంకో మూడు టెలిస్కోపులు నిలబెడితే, అందరూ నాలుగింటిలోనూ చూసినా మనిషికి మొత్తం మూడు నిమిషాలకు పైగా వస్తుంది. ఒకే లైను నాలుగు చిన్న లైన్లవుతుంది. పెద్ద టెలిస్కోప్‌ను ఇంకా పెద్దది చేస్తే ఇది జరగదు. వేధశాల డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ముందు చూడాల్సింది ఇక్కడే.

బయట పెట్టేవి ఎక్కువగా డాబ్సోనియన్లే. శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత ఆశ్రమంలో సన్యాసిగా ఉన్న జాన్ డాబ్సన్, ఓడ కిటికీల గాజును అరగదీసి, అట్ట గొట్టాల్లో బిగించి చవకగా టెలిస్కోపులు చేశాడు. 1968 నుంచి ఆయన బృందం వాటిని వీధి పక్కన నిలబెట్టి దారిన పోయేవాళ్లకు చంద్రుణ్ణి చూపించింది. చెక్కపెట్టె మీద తిరిగే ఆ అమరికకు ఆయన పేరే నిలిచింది. మోటారు లేని రకంతో ఒక చిక్కుంది: భూమి తిరుగుతుంది. ఆకాశం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతుంది. 200 రెట్లు పెట్టిన మామూలు ఐపీస్‌లో కనిపించే మేర పావు డిగ్రీ, అంటే మధ్యలో పెట్టిన గ్రహం అర నిమిషంలో అంచు దాటిపోతుంది. చూసే మనిషికి ఇచ్చిన సమయం కూడా అంతే! అందుకే ప్రతి మనిషికీ ముందు ఒక విద్యార్థి వంగి గురి సరిచేస్తుంటాడు. తక్కువ రెట్ల ఐపీస్ వేస్తే శని చిన్నదవుతుంది గానీ ఎక్కువసేపు నిలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు జనం ఎక్కువైన కొద్దీ రెట్లు తగ్గిస్తారు.

ఫోన్లు కొత్త సమస్య. ఐపీస్ మీద ఫోన్ కెమెరాను చేత్తో ఆనించి చంద్రుణ్ణి పట్టుకోవడానికి ఒక నిమిషం తేలిగ్గా పోతుంది. అంటే వెనకున్న ఇద్దరి సమయం. పైగా ఆ తెర వెలుగు. వద్దని కసిరితే మనసు చివుక్కుమంటుంది, పిల్లలకైతే మరీనూ. ఫోన్ బిగించే పట్టీ ఉన్న ఒక టెలిస్కోప్‌ను చంద్రుడి వైపు తిప్పి, ఫొటోల కోసమే విడిగా పెట్టడం మధ్యేమార్గం.

ఇంకో పరిష్కారం తెర. కెమెరా పది సెకన్ల ఫొటోలను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, కొన్ని నిమిషాల్లో నీహారిక రంగులతో సహా తెర మీద తేలుతుంది. యాభై మంది ఒకేసారి చూడొచ్చు, లైను అక్కర్లేదు, నిచ్చెన అక్కర్లేదు. కంటిచూపు తక్కువున్నవారికి ఇది వరం. కానీ తెర మీద చూసింది, ఇంట్లో కూర్చుని చూసే ఫొటో లాంటిదే కదా అన్న గొణుగుడులో నిజం లేకపోలేదు. జనం అంత దూరం వచ్చేది ఆ కాంతి నేరుగా తమ కంట్లో పడాలని. ఇంకో నష్టం కూడా ఉంది: రంగుల బొమ్మ చూసి వెంటనే ఐపీస్‌కు వెళ్లిన కన్ను బూడిద మసకను మరింత తేలిగ్గా తీసిపారేస్తుంది. లైను పక్కన పెట్టాల్సింది రంగుల ఫొటో కాదు, అదే ఐపీస్‌లో చూసి ఎవరో పెన్సిల్‌తో గీసిన నలుపు తెలుపు బొమ్మ. అది చూసిన మనిషికి ఏం వెతకాలో తెలుస్తుంది, అబద్ధపు ఆశ పుట్టదు.

లైన్లో గడిచే గంటను వృథా సమయంగా చూడడమే అసలు పొరపాటు. కళ్లు చీకటికి అలవాటు పడాల్సింది అక్కడే. ఓరకంటితో చూడడం దూరపు మసక చుక్క మీద సాధన చేయాల్సిందీ అక్కడే. విద్యార్థులు లైను వెంట తిరుగుతూ మాట్లాడితే ప్రశ్నలూ అక్కడే తేలిపోతాయి. తప్పకుండా వచ్చే ప్రశ్న, చంద్రుడి మీద నాటిన జెండా కనిపిస్తుందా అని. చంద్రుడి దూరంలో ఒక ఆర్క్ సెకను అంటే దాదాపు 1.9 కిలోమీటర్లు. మామూలు గాలిలోంచి అంతకన్నా చిన్నవి విడిగా తేలవు. మీటరుకు కాస్త పెద్దదైన జెండాను చూడాలంటే, గాలి అసలు లేకపోయినా, 200 మీటర్లకు పైగా వ్యాసం ఉన్న టెలిస్కోప్ కావాలి. కంటికి కనిపించే కాంతిని పట్టే టెలిస్కోపుల్లో అంత పెద్దది భూమి మీద ఎక్కడా లేదు. ఈ లెక్క విన్నాక చంద్రుడి మీద గుంటల్ని చూసే తీరే మారుతుంది, చిన్న చుక్కలా ఉన్న గుంట కూడా ఒక ఊరంత ఉంటుందని అప్పుడు తడుతుంది. ఇంకొకటి: శని మనకు దగ్గరగా ఉన్నప్పుడు కూడా అక్కడి నుంచి వెలుగు రావడానికి సుమారు 70 నిమిషాలు పడుతుంది. లైను చివర చేరిన మనిషి వంతు వచ్చేసరికి అతని కంట్లో పడేది, అతను లైన్లో చేరిన వేళకు అటూ ఇటుగా శని నుంచి బయల్దేరిన వెలుగే.

లైను ఎలాగూ తప్పదు కాబట్టి చాలామంది తలుపులు తెరవకముందే వచ్చి ముందు వరుసలో నిలబడతారు. తెలిసినవాళ్లు దీనికి ఉల్టా చేస్తారు. తెరిచిన వేళకు ఆకాశంలో ఇంకా సందెవెలుగు ఉంటుంది, డోమ్ పగటి వేడిని వదులుతూ ఉంటుంది, తూర్పున ఉదయించిన గ్రహం ఇంకా కిందే ఉంటుంది. దిగంతానికి 30 డిగ్రీల ఎత్తులో ఉన్నదాన్ని చూడాలంటే నడినెత్తిన ఉన్నదాని కంటే రెట్టింపు గాలిలోంచి చూడాలి. గంటన్నర గడిచేసరికి గ్రహం పైకెక్కుతుంది, గాలి చల్లబడి కుదురుకుంటుంది, పిల్లలకు నిద్రొచ్చి కుటుంబాలు వెళ్లిపోతాయి. ఆఖరి అరగంటలో లైన్లో ఆరేడుగురు మిగులుతారు. అప్పుడు వెనక నుంచి ఎవరూ దగ్గి తొందరపెట్టరు. విద్యార్థి ఐపీస్ మార్చి రెట్లు పెంచుతాడు, కుర్చీ లాగి కూర్చోమంటాడు, తొందరేం లేదు, వలయం చివర్ల దగ్గర చూస్తూ ఉండండి, నల్లటి సందు వచ్చిపోతుంటుంది అంటాడు. మూడో నిమిషంలోనో నాలుగో నిమిషంలోనో అది వస్తుంది.